కంచికా, గంజికా?

నా నవల అచ్చు వేస్తామని ఫోను వచ్చినప్పుడు నా కుడిచెయ్యి ఒక ప్లాస్టిక్ బకెట్లో ఉంది.

వేలూరులో ఆసుపత్రికి వచ్చేవాళ్ళు దిగే ఒక లాడ్జీలో నాది పగటి డ్యూటీ. ముందు బల్ల దగ్గర కూర్చుని గదులివ్వడం, తాళాలు తీసుకోవడం, తిట్లు తినడం నా పని. ఆ రోజు రెండో అంతస్తు గీజరు మొరాయించింది. నెల్లూరాయన ఒకరు బకెట్ తెచ్చి నా బల్ల మీద పెట్టి, "ఇవి వేడినీళ్ళా? మీరే చెయ్యి పెట్టి చెప్పండి" అన్నాడు. పెట్టాను. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. ఎడంచేత్తో చెవికి ఆనించుకున్నాను.

"మీ నవల మా అందరికీ నచ్చిందండీ. మేం వేస్తున్నాం" అంది అవతల ఒక ఆడపిల్ల గొంతు, విజయవాడ నుంచి.

"చల్లగా ఉన్నాయి" అన్నాను నేను.

"ఏంటండీ?"

"మీకు కాదండీ. నీళ్ళకు."

నలభై మూడేళ్ళ వయసులో మొదటి నవల అచ్చవుతుందన్న కబురుకు నేను పలికిన మొదటి పలుకు అది. ఎన్నిసార్లు కలలు కన్నానో ఆ ఘడియ గురించి! కళ్ళు చెమర్చినట్టు, గొంతు పెగలనట్టు, ఏమేమో అనుకున్నాను. చెమర్చిన మాట నిజమే గాని, చెయ్యి మాత్రమే. నెల్లూరాయనకు నవల సంగతి చెబితే ఆయన చాలా సంతోషించి, "శుభం తల్లీ, మరి వేడినీళ్ళు?" అన్నాడు.

వెంటనే అమ్మకు ఫోను చేశాను. అమ్మ గుడియాత్తంలో తమ్ముడింట్లో ఉంటుంది. ఇప్పటికీ పక్కింటి మగ్గానికి కండెలు చుట్టి ఇస్తుంది. కండెలంటే నాడాలో, అదే మగ్గం మీద పోగు లాక్కుంటూ అటూ ఇటూ పరుగెత్తే కొయ్య పనిముట్టులో, పెట్టే నూలు చుట్లు. ఆ రాట్నం చప్పుడు లేకుండా అమ్మతో ఫోను మాట్లాడిన రోజు నాకు గుర్తు లేదు.

"తెలుగులోనా అచ్చేసేది?" అంది.

"తెలుగులోనే మా" అన్నాను. మా వైపు 'మా' అంటే అమ్మా అని.

"చదివేదెవురే? మన ఈదిలో మాట్లాడేది అంతా తెలుగే, చదవను ఒక్కడికన్నా వచ్చునా?"

"ఆంధ్రావాళ్ళు చదువుతారు."

"వాళ్ళకు పనీ పాటా లేదా?"

రాట్నం ఆగింది. అమ్మ రాట్నం ఆపిందంటే మాట ముఖ్యమైందని అర్థం.

"నా కత నేను చెప్పినట్లే ఉండాదా దాంట్లో?"

"ఉండాది మా."

"ముడి యాడ ఏసినానో ఆడే ఏసినావా?"

"ఆడే ఏసినా."

"మారిందో, నేను ఆ పుస్తకాన్ని చేత్తో ముట్టను. చెప్పినానంతే."

అమ్మ ఊరికే బెదిరించే మనిషి కాదు. నా పెళ్ళిలో సాంబారు పల్చగా ఉందన్నందుకు మా పెద్దత్త గడప పదకొండేళ్ళు తొక్కలేదు. పైగా కథల విషయంలో అమ్మకు ఒక పాత గాయం ఉంది. ఒకప్పుడు మా వీధికి వచ్చిన తమిళ అయ్యవారొకాయన అమ్మ చెప్పిన కథ రాసుకుపోయి, బడి వార్షికోత్సవం పుస్తకంలో వేయించాడు. అందులో అమ్మ కథలోని నేతపిల్ల రాజకుమారి అయింది. చివర్లో తలుపు తెరుచుకుని ఒక రాజకుమారుడు కూడా వచ్చాడు. తమిళంలో కాబట్టి అమ్మ దాన్ని తానే చదువుకుంది. "నా పిల్ల చేతిలో నాడా లాక్కుని వజ్రాల గాజులేసినాడు, వాడి చెయ్యి పడిపోనూ" అని చాలా రోజులు తిట్టింది. నేను రాస్తానన్నప్పుడు అందుకే ఆ షరతు పెట్టింది. లోపల ఎంతైనా పెంచుకో, పిల్ల ఎవరో మార్చొద్దు, కథకు ముడి ఎక్కడ వేశానో అక్కడే వెయ్యి, ఆ మాటతోనే వెయ్యి.

ఆ కథ సంగతి చెప్పాలంటే గంజి సంగతి చెప్పాలి.

మా చిన్నప్పుడు ఇంట్లో రెండు మగ్గాలుండేవి. నాయన లుంగీలు నేసేవాడు. కొత్త పడుగు వచ్చినప్పుడల్లా, అంటే పదిహేను రోజులకో ఇరవై రోజులకో, దానికి గంజి పెట్టాలి. నిలువు పోగులన్నీ వీధి పొడుగునా సాచి కట్టి, గంజి పట్టించి, కుంచెతో దువ్వి, ఎండ ముదరకముందే ఆరబెట్టాలి. ఆ గంజి కాచే పని అమ్మది. తెల్లవారుజామున నన్ను లేపి పొయ్యి ముందు కూర్చోబెట్టేది. మట్టలు లోపలికి తోయడం నా పని. నిద్ర ఆపుకోలేక తూలి పొయ్యిలో పడతానని కథ చెప్పేది. గంజి ఉండకట్టకుండా తెడ్డు తిప్పుతూనే ఉండాలి గదా, కథ కూడా ఆ తిప్పుడులోనే సాగేది.

ఒక నేతపిల్ల నాడాను కోతి ఎత్తుకుపోతుంది. పిల్ల కోతి వెనకాల పడుతుంది. గంజి కాచిన ప్రతిసారీ ఒక ఊరు. పేర్ణాంబట్టులో కోతి కనబడలేదు, పిల్ల అక్కడ బీడీలు చుట్టింది. ఆంబూరులో చెప్పుల పైతోలు కుట్టింది. నెమిలిలో నాట్లు వేసింది. ఏ ఊరి పని ఆ ఊర్లో చేసి, కోతి తోక కనబడగానే పని వదిలేసి పరుగెత్తేది. గంజి చిక్కబడి, తెడ్డు నిలబడిందా, కథ ఎక్కడున్నా అక్కడే ఆగాల్సిందే. పిల్ల చెట్టెక్కుతుంటే చెట్టు మీదే, ఏరు దాటుతుంటే ఏటి నడుమే. అమ్మ తెడ్డుతో కుండ అంచు మీద రెండు దెబ్బలు కొట్టి, "కత గంజికి, మనం ఈదికి" అనేది. ఈది అంటే వీధి. ఇద్దరం కుండ పట్టుకుని వీధిలోకి పోయేవాళ్ళం.

"అప్పరం?" అని నేను వెనకాలే పడేదాన్ని. అప్పరం అంటే తర్వాత. తమిళం నుంచి వచ్చి మా తెలుగులో కాపురం పెట్టిన మాట.

"మళ్ళా గంజి కాచేటప్పుడు" అనేది అమ్మ.

చివరిసారి పిల్ల ఒక ఇంటి ముందుకు వచ్చింది. కోతి లోపలే ఉంది. నాడా టకటకలాడుతున్న చప్పుడు వినిపిస్తోంది. తలుపు తట్టడానికి చెయ్యెత్తింది. కుండ మీద రెండు దెబ్బలు పడ్డాయి. కత గంజికి, మనం ఈదికి.

ఆ తర్వాత పడుగు మిల్లులోనే గంజి పెట్టించుకుని రావడం మొదలైంది. గంజి కాచే పని పోయింది. నాకప్పుడు పన్నెండేళ్ళు. పిల్ల తలుపు ముందు చెయ్యెత్తుకుని అలాగే నిలబడిపోయింది. ముప్పై ఏళ్ళు నిలబడింది పాపం, చెయ్యి ఎంత లాగి ఉంటుందో! అడిగినప్పుడల్లా అమ్మ, "గంజి లేకుండా కత యాడొస్తుందే" అని దాటవేసేది. కడకు నేనే ఆ పిల్ల వెంట పడి ఊరూరూ తిరిగి నవల రాశాను. కాని ముడి మాత్రం అమ్మ వేసిన చోటే వేశాను. మాటంటే మాటే.

ఇక రాయడం గురించి. నేను చదివింది తమిళంలో. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, తిట్టుకోవడానికి రెండూ. తెలుగు అక్షరాలు నేర్చుకున్నది వేలూరు బస్టాండులో. చిత్తూరు బస్సు దగ్గర 'చి' నేర్చుకున్నాను, తిరుపతి బస్సు దగ్గర 'తి'. పలమనేరు, మదనపల్లె బస్సులకు కూడా రుణపడి ఉన్నాను. 'ఖ' కోసం చాలా రోజులు నిలబడ్డాను, ఏ బస్సూ రాలేదు. మిగతావి లాడ్జీలో జనం వదిలేసి వెళ్ళిన పేపర్లు చూసి కూడబలుక్కున్నాను. చదవడం నత్తనడకగా వచ్చింది గాని రాయడానికి చెయ్యి తిరగలేదు. అందుకని నవల మొత్తం తెలుగు మాటల్నే తమిళ అక్షరాల్లో రాశాను. ఏడు నోటు పుస్తకాలు.

నవ్వకండి. మా వీధిలో పెళ్ళి పాటలు, మందుల చీటీలు, ప్రేమలేఖలు అన్నీ అలాగే రాసుకుంటాం. ఒకటే చిక్కు. తమిళంలో క, గ రెంటికీ ఒకటే అక్షరం. ప, బ ఒకటే. త, ద ఒకటే. చ, జ కూడా చాలాచోట్ల అంతే. మా ఊరి పేరునే కుడియాత్తం అని రాసి గుడియాత్తం అని పిలుస్తాం. ఎక్కడ ఏది పలకాలో మా నోటికి తెలుసు కాబట్టి మాకు ఇబ్బంది లేదు. ఇబ్బంది పడింది మాస్టారు.

మాస్టారు ప్రొద్దుటూరు వైపు ఆయన. రిటైరైన తెలుగు పంతులు. భార్యకు వైద్యం కోసం మా లాడ్జీలో రెండున్నర నెలలున్నారు. మధ్యాహ్నం ఆమె పడుకుంటే ఈయన వచ్చి నా బల్ల పక్కన కుర్చీలో కూర్చునేవారు. ఒకప్పుడు నగరి దగ్గర పనిచేశారట, తమిళ అక్షరాలు వచ్చు. ఒకరోజు నా నోటు పుస్తకం తీసుకుని, కళ్ళజోడు సర్దుకుని, పైకి చదవడం మొదలుపెట్టారు.

"పెళ్ళికూతురు తల్లో పంది పెట్టుకుని సిగ్గుపడుతూ వచ్చింది." ఆగారు. "ఏమ్మా, మీ వైపు ఇదో ఆచారమా?"

"బంతి మాస్టారూ! బంతిపువ్వు!"

"ఓహో. పంది పెట్టుకుంటే సిగ్గుపడక ఏం చేస్తుందిలే అనుకున్నా."

ఇంకో పేజీలో అత్తగారు ప్రతి శుక్రవారం స్నానం చేసి కుడికి పోతోంది. "ఎడమకు ఎప్పుడు పోతుంది?" అని అడిగారాయన. గుడికి పోతోంది పాపం. లాడ్జీలో జబ్బులతో వచ్చినవాళ్ళు కూడా మా చుట్టూ చేరి నవ్వేవాళ్ళు. ఇదంతా చూసి మాస్టారు, "తల్లీ, నువ్వు చదువు, నేను తెలుగులో రాస్తాను" అన్నారు. ఒక్క పైసా అడగలేదు, కాఫీ తప్ప. అలా ఆరు నోటు పుస్తకాలు పూర్తయ్యాయి. ఏడోది మొదలుపెట్టేలోపు ఆయన భార్యకు నయమై ఇంటికి పంపేశారు. ఆ సంతోషంలో, "ఇంకొక్కటే గదా, నీ రాత నాకు అలవాటైపోయింది" అని ఏడో పుస్తకం సంచీలో పెట్టుకుని వెళ్ళిపోయారు. నెల తిరక్కుండా శుభ్రంగా రాసి, ఆయనే విజయవాడ పంపించారు.

అచ్చు వేస్తామన్న అమ్మాయి ఆ సంస్థలో సంపాదకురాలు. మంచి పిల్ల. "అంతా బాగుందండీ, ముగింపే కొంచెం తొందరపడ్డట్టుంది. తలుపు తట్టబోతూ ఆగిపోయింది. ఇంకో అధ్యాయం రాస్తారా?" అని రెండుసార్లు అడిగింది. మా అమ్మ ఒప్పుకోదన్నాను. రచయితలు చెప్పే సాకుల్లో ఇది కొత్తదనుకుంది కాబోలు, గట్టిగా నవ్వింది.

ప్రూఫులు వచ్చాయి. నా నత్తనడకతో పదకొండు రోజులు పట్టింది. నా మాటలు తెలుగు అక్షరాల్లో చూసుకుంటుంటే, అబ్బ, ఏం చెప్పను! కొత్త చీర కట్టుకుని అద్దం ముందు నిలబడ్డట్టు ప్రతి పేజీ దగ్గరా ఆగిపోయేదాన్ని. బంతి బంతిగానే ఉంది, గుడి గుడిగానే ఉంది. అలా మురిసిపోతూ చివరి పేజీకి వచ్చాను. చివరి వాక్యం వేలు పెట్టి చదివాను.

"కథ కంచికి, మనం ఇంటికి."

నా పైప్రాణాలు పైనే పోయాయి. ఎవరి కథ? ఏ కంచి? మళ్ళీ చదివాను. బస్సు బోర్డుల మీద నేర్చుకున్న చదువు గదా, నాదే తప్పేమో అని ఆ వేళకు తాళం తీసుకోవడానికి వచ్చిన ఒకామె చేత కూడా చదివించాను. ఆమె గడగడా చదివి, "అయిపోయిందా కథ?" అంది.

మాస్టారుకు ఫోను చేశాను. ఆయన ఎంతో దర్జాగా, "అవునమ్మా, అక్కడ నువ్వొక పొరపాటు రాశావు. కంచికి అని సరిగ్గానే రాశావు గాని, 'మనం ఈదికి' అన్నావు. ఇంటికి అని నేనే దిద్దాను" అన్నారు.

"అది కంచి కాదు మాస్టారూ, గంజి!"

"గంజేమిటి తల్లీ? ముప్పై ఆరేళ్ళు పాఠాలు చెప్పాను, కథ ఎక్కడికి పోతుందో నాకు తెలీదా?"

అదీ సంగతి. తమిళ అక్షరాల్లో కంచి, గంజి ఒకటే రాత. పందిని పట్టుకున్న మనిషి, కుడిని పట్టుకున్న మనిషి, అనుమానమే రాని చోట బోల్తా పడ్డాడు. తెలుగుదేశంలో పిల్లాజెల్లా అందరి కథలూ కంచికే పోతాయట. నాకేం తెలుసు? మాకు కంచి అంటే వేలూరులో బస్సెక్కితే వచ్చే ఊరు.

ఆయన అంతటితో ఊరుకున్నా బాగుండేది. "మీ అమ్మగారు కంచి అనే అని ఉంటారమ్మా. నువ్వు చిన్నపిల్లవి, గంజి కుండ ముందు కూర్చున్నావు, నీకు గంజి అని వినబడి ఉంటుంది" అన్నారు. ఆ మాట ముల్లులా దిగింది. నిజమేనా? నేను విన్నది తప్పయితే? సంపాదకురాలికి ఫోను చేస్తే, "గంజి అని వేస్తే అందరూ అచ్చుతప్పు అనుకుంటారండీ. రేపు మధ్యాహ్నం ప్రెస్సుకు పోతోంది. ఆలోగా ఏదో ఒకటి ఖాయం చెయ్యండి" అంది. ఒకవైపు అమ్మ, ఒకవైపు ముప్పై ఆరేళ్ళు పాఠాలు చెప్పిన మాస్టారు, మధ్యలో నేను. తప్పు మాట అచ్చయితే అమ్మ పుస్తకం ముట్టదు. అమ్మ ముట్టని పుస్తకం ఎవరు మెచ్చుకుంటే నాకేం?

మర్నాడు పొద్దున్నే సెలవు పెట్టి గుడియాత్తం బస్సెక్కాను. దారంతా ఒకటే ఆలోచన. అమ్మను ఎలా అడగాలి? నేను గంజి అన్నానంటే అమ్మ అవునంటుంది. కంచి అన్నా అవుననవచ్చు. ఆ మాట తనంతట తాను అనాలి.

అమ్మ వసారాలో కండెలు చుడుతోంది. కాళ్ళు కూడా కడుక్కోకుండా ఎదురుగా కూర్చున్నాను.

"మా, కత అయిపోతే ఏం చెప్తావు నువ్వు?"

"కత అయిపోయిందని చెప్తా."

"అట్ల కాదు మా. ఆకర్న ఒక మాట అంటావే."

"పోయి పని చూసుకో అంటా."

"అయ్యో, గంజి కాచేటప్పుడు..." అని నాలుక కరుచుకున్నాను. బస్సంతా జాగ్రత్తపడి వచ్చి, నా నోటితో నేనే చెడగొట్టాను.

అమ్మ రాట్నం ఆపింది. "ఏమే, ఏం చేసుకోని వచ్చినావు?"

ఇక దాచి లాభం లేదు. మొత్తం చెప్పేశాను. పంది, కుడి, మాస్టారు, కంచి, మధ్యాహ్నం గడువు. అమ్మ నోరు తెరుచుకుని వింది.

"కంచికా?" అంది.

"ఆంధ్రాలో అందరి కతలూ ఆడికే పోతాయంట మా."

"పోతే పోనీ, మనకేం? కంచిలో నేసేది పట్టు. మనది లుంగీ. లుంగీ కత కంచికి పోయి ఏం చేస్తుందే, వాకిట్లో నిలబడి బిచ్చమెత్తుతుందా?"

నేను నవ్వు ఆపుకోలేకపోయాను. అమ్మ మాత్రం నవ్వలేదు.

"ఇంటికి పోయేది యాడ? ఇంట్లోనే గదా ఉంటిమి! గంజి ఉడికినాంక ఈదికి గదా పోతిమి. నువ్వే గదా కుండకు ఆ పక్క పట్టుకుంటివి. చెయ్యి కాలి ఏడిస్తివి కూడా. మర్చిపోయినావా?"

మర్చిపోలేదు. ఎడమ మణికట్టు మీద ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. వేరేవాళ్ళ మాట విని నా చేతి మీదున్న గుర్తునే అనుమానించానే అని సిగ్గేసింది. నిన్నటి నుంచి ఒక్కసారి మణికట్టు చూసుకుని ఉంటే బస్సు ఛార్జీ మిగిలేది.

అక్కడి నుంచే సంపాదకురాలికి ఫోను కలిపాను. నేను హలో అనేలోపే అమ్మ ఫోను లాక్కుంది.

"అమ్మా, పాపా, నేను దీని తల్లిని మాట్లాడేది. మీ ఊర్లో కత యాడికన్నా పోనీ నాయనా, నేను వద్దనను. మా కత గంజికే పోతుంది. గంజి ఉడికితే కత నిలబడిపోతుంది. పిల్ల తలుపు కాడుంటే తలుపు కాడనే. చెట్టు మీదుంటే చెట్టు మీదనే. గంజి ఉండ కట్టిందంటే మా ఇంటాయన నన్ను కట్టేస్తాడు, కతను కాదు."

అవతల ఆ పిల్ల, "అమ్మా, అందుకా కథ అక్కడ ఆగింది!" అంది. ఫోను నాకిమ్మని అడిగి, "ఇంత పెద్ద సంగతి నవల్లో ఎక్కడా లేదేంటండీ?" అని నా మీద పడింది.

నిజమే, లేదు. పిల్ల తిరిగిన ఊళ్ళన్నీ రాశాను, గంజి కుండ రాయలేదు. గంజి గురించి రాయాల్సిందేముందిలే అనుకున్నాను. ఇంట్లో గోడల గురించి ఎవరు రాస్తారు? ఆ పిల్ల ప్రెస్సును ఒక రోజు ఆపింది. "ముందు ఒక పేజీ రాసి పంపండి, గంజి కాచడం గురించి. చివరి మాట మీ అమ్మగారిదే ఉంటుంది" అంది.

ఆ పేజీ అమ్మ పక్కన కూర్చునే రాశాను. మొదటిసారి నేరుగా తెలుగు అక్షరాల్లో. ఒక్కో అక్షరానికి ఒక్కో కండె చుట్టేసింది అమ్మ. మధ్యలో మెడ సాచి చూసి, "గంజి ఏదే దీంట్లో?" అంది. చూపించాను. పక్కనే కంచి కూడా రాసి చూపించాను. రెండూ మార్చి మార్చి చూసింది.

"ఒకటే మాదిరి లేవే!"

"ఇది క, ఇది గ. వేరే వేరే మా."

"మన నోట్లో ఉండే గ కు ఒక అక్షరం ఉండాదా?" అంది. వేలితో ఆ 'గ' మీద ఒకసారి రాసింది. డెబ్బై ఏళ్ళు ఆ మాటలే మాట్లాడిన మనిషి, వాటి ముఖం అప్పుడు చూసింది. నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే తిడుతుందని తల వంచుకుని రాసుకున్నాను.

పుస్తకం వచ్చింది. అట్ట మీద కోతి బొమ్మ, "కోతి ఎత్తుకుపోయిన నాడా" అని పేరు. చుట్టాలు పిల్లల పుస్తకమా అని అడిగారు. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత. విజయవాడలో ఎవరో మెచ్చుకున్నారని ఫోను వస్తే, మా తమ్ముడు "దాంట్లో నేను ఉన్నానా?" అని అడిగి, లేడని తెలిసి ఆసక్తి వదిలేశాడు.

ఆదివారం ఆదివారం గుడియాత్తం పోయి అమ్మకు చదివి వినిపించాను. పుస్తకం ఇవ్వబోతే, "నువ్వే పట్టుకో. ముడి చూసినాంక చెప్తా" అంది. పంతమంటే పంతమే. రాట్నం తిప్పుతూ వినేది, మధ్యలో తప్పులు పట్టేది. "పేర్ణాంబట్టులో బీడీ ఆకు అట్ల కోయరు." "నెమిలిలో ఆ నెలలో నాట్లు యాడేస్తారే?" అచ్చయిపోయింది మా అంటే, "అచ్చయితే నిజమైపోతుందా?" అనేది. ఆరో ఆదివారానికి చివరి పేజీకి వచ్చాం. పిల్ల ఇంటి ముందుకు వచ్చింది. లోపల నాడా టకటకలాడుతోంది. తలుపు తట్టడానికి చెయ్యెత్తింది. నేను నిదానంగా చదివాను.

"కత గంజికి, మనం ఈదికి."

అమ్మ రాట్నం ఆపింది. ఏం తప్పు పడుతుందోనని నేను బిగుసుకుని కూర్చున్నాను. నూలు దుమ్ము అంటిన చేతులు చీర కొంగుకు తుడుచుకుంది. నా చేతిలోంచి పుస్తకం తీసుకుంది. తీసుకుని ఒళ్ళో పెట్టుకుని, చివరి పేజీలో ఆ 'గ' ఎక్కడుందో వెతికి, దాని మీద వేలు పెట్టింది.

"అప్పరం?" అంది.

నాకు అర్థం కాలేదు. "అప్పరం ఏముంది మా? కత గంజికి."

"ఇప్పుడు గంజి యాడుండాదే పొయ్యి మీద? చెప్పు. తలుపు తట్టినాంక ఏమైంది?"

"నాకేం తెలుసు? నీకు తెలుసు గదా!"

"నాకెట్ల తెలుస్తుంది? ఏ పొద్దుది ఆ పొద్దు అల్లి చెప్తా ఉంటిని. నువ్వు నిద్రపోకుండా ఉంటే చాలని."

ముప్పై ఏళ్ళు నేను ఎదురుచూసిన జవాబు అమ్మ దగ్గర ఎప్పుడూ లేదు. అమ్మ పుస్తకం ఒళ్ళోంచి దించలేదు. కాళ్ళు బారజాపుకుని, గోడకు ఆనుకుని, పొయ్యి ముందు చిన్నపిల్ల కూర్చున్నట్టు కూర్చుంది.

"చెప్పే పాపా. తలుపు తట్టింది. అప్పరం?"